మైదానం నుంచి తంతి మీదికి: అమెరికాలో ఆటగాళ్లు జనం హీరోలైన తీరు

1924 అక్టోబర్ 18, శనివారం. అమెరికాలో ఆ మధ్యాహ్నం రెండు కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరిగాయి. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ కాలితో తన్నే ఆట కాదు, బంతిని చంకన పెట్టుకుని ప్రత్యర్థి గీత దాటే అమెరికన్ ఆట. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కొత్త స్టేడియంలో రెడ్ గ్రేంజ్ అనే విద్యార్థి మిషిగన్ జట్టు మీద మొదటి 12 నిమిషాల్లోనే నాలుగుసార్లు గీత దాటాడు. ఆ నాలుగు పరుగులు 95, 67, 56, 44 గజాలు. రెండో మ్యాచ్ న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో. నోటర్ డేమ్ జట్టు ఆర్మీ జట్టుని 13-7తో ఓడించింది. మంచి ఆటే, కానీ స్కోరు చూసి ఎవరూ నోరెళ్లబెట్టరు.

ఈ నూరేళ్లుగా అమెరికన్లు ఆ రెండు మ్యాచ్‌లనూ సమానంగా తలుచుకుంటున్నారు. మొదటిదాన్ని ఆటే నిలబెట్టింది. రెండోదాన్ని నిలబెట్టినవి ఒక వాక్యం, ఒక ఫోటో. నోటర్ డేమ్ ప్రచార పనులు చూసే విద్యార్థి జార్జ్ స్ట్రిక్లర్ ఆ వారమే ఒక మూకీ సినిమా చూశాడు. రుడాల్ఫ్ వాలెంటినో నటించిన ఆ సినిమాకు బైబిల్‌లో ప్రళయం తెచ్చే నలుగురు గుర్రపు రౌతుల పేరు పెట్టారు. మ్యాచ్ విరామంలో విలేఖరుల దగ్గర నిలబడి, మన నలుగురు బ్యాక్‌లూ (వెనక వరసలో ఆడేవాళ్లు) అచ్చం ఆ రౌతుల్లాగే ఉన్నారని అతను అన్నాడు. ఆ మాట విన్నవాళ్లలో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ విలేఖరి గ్రాంట్‌లాండ్ రైస్ ఉన్నాడు. మర్నాడు రైస్ తన కథనాన్ని అక్కడే ఎత్తుకున్నాడు: బూడిదరంగు ఆకాశం కింద ఆ నలుగురు రౌతులు మళ్లీ స్వారీ చేశారని. స్ట్రిక్లర్ ఆలస్యం చేయలేదు. జట్టు ఊరికి తిరిగిరాగానే గుర్రాలు తెప్పించి, స్టుల్‌డ్రెహర్, మిల్లర్, క్రౌలీ, లేడెన్ నలుగురినీ ఆట దుస్తుల్లోనే ఎక్కించి ఫోటో తీయించాడు. వార్తాసంస్థల ద్వారా ఆ ఫోటో దేశమంతటా అచ్చయింది.

ఒక సినిమా, ఒక నోటి మాట, ఒక పత్రికా కథనం, ఒక ఫోటో: ఇవి ఒకదానికొకటి తగులుకుంటేనే ఆ నలుగురు పురాణపురుషులయ్యారు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికాలో క్రీడా హీరో ఎలా పుట్టాడో తెలియాలంటే ఆటని, ఆటని మోసుకెళ్లిన యంత్రాంగాన్ని విడివిడిగా చూడాలి. ఆటలో గొప్పవాళ్లు అంతకుముందూ ఉన్నారు. లేనిది ఆ మోసుకెళ్లే యంత్రాంగమే. అది ముప్పై ఏళ్లలో ఒక్కో ముక్కగా అమరింది. దాని లెక్కల్లో పడనివాళ్లు ఎంత గొప్పగా ఆడినా బయటే మిగిలారు.

సిగరెట్ పెట్టెలో బొమ్మ

మొదటి ముక్క చాలా చిన్నది: 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో పెట్టిన రంగు కార్డు. దాదాపు అంగుళంన్నర వెడల్పు, రెండున్నర అంగుళాలకు కాస్త పైన పొడవు. పెట్టె నలగకుండా అట్టముక్క ఎలాగూ కావాలి కాబట్టి దాని మీదే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ అచ్చేశారు. ఇలా ఐదు వందలకు పైగా రకాలు వచ్చాయి. తండ్రులు సిగరెట్ కాల్చేవారు, పిల్లలు కార్డులు పోగేసేవారు. తన ఊరి జట్టు తప్ప వేరే జట్టును ఎన్నడూ చూడని పల్లెటూరి పిల్లవాడికి పిట్స్‌బర్గ్ ఆటగాడి ముఖం పరిచయమైంది ఈ అట్టముక్క మీదే.

ఇక్కడే ఆ ముఖం ఎవరి సొత్తన్న ప్రశ్న కూడా పుట్టింది. ఒక పిండి కంపెనీ ఒక అమ్మాయి ఫోటోను ఆమెను అడగకుండా ప్రకటనలకు వాడుకుంటే 1902లో న్యూయార్క్ కోర్టు ఆమెకు ఏ హక్కూ లేదని తీర్పు చెప్పింది. జనం మండిపడటంతో మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది: బతికున్న మనిషి పేరునుగాని బొమ్మనుగాని వ్యాపారానికి వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. సిగరెట్ కంపెనీ ఆటగాళ్ల అనుమతులు సంపాదించే పనిని ఊరూరా విలేఖరులకు అప్పగించింది. పిట్స్‌బర్గ్‌లో అక్కడి జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ అనుమతి తెస్తే 10 డాలర్లు ఇస్తామని జాన్ గ్రూబర్ అనే విలేఖరికి చెప్పింది. వాగ్నర్ ఒప్పుకోలేదు. గ్రూబర్ నష్టపోకూడదని ఆ 10 డాలర్లకు తనే చెక్కు పంపాడని 1912లో స్పోర్టింగ్ న్యూస్ పత్రిక రాసింది. అతని కార్డు అచ్చు ఆగిపోయింది. అప్పటికే బయటికి వెళ్లిన కొద్ది ప్రతుల్లో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. వాగ్నర్ ఎందుకు వద్దన్నాడన్న దాని మీద రెండు వాదాలున్నాయి: పిల్లలు పొగాకు కొనకూడదని ఒకటి, ఇచ్చే డబ్బు చాలలేదని రెండోది. ఏది నిజమైనా, ఆటగాడి ముఖానికి మైదానం బయట ధర ఉందని అందరికీ తెలిసింది అప్పుడే.

ఆటగాడి పేరు, వేరొకరి రాత

రెండో ముక్క ఘోస్ట్ రైటింగ్. వ్యాసం మీద ఆటగాడి పేరుంటుంది, రాసేది విలేఖరి. ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో 1911 వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగుల విజేతలు తలపడే పోటీలో, బయటపడింది. న్యూయార్క్ జెయింట్స్ పిచర్ రూబ్ మార్క్వార్డ్ వేసిన బంతిని ఫిలడెల్ఫియా ఆటగాడు ఫ్రాంక్ బేకర్ హోమ్ రన్ కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే, బంతి కంచె దాటితే కొట్టినవాడు మైదానమంతా తీరిగ్గా చుట్టివస్తాడు. మర్నాడు ఉదయం జెయింట్స్ జట్టులోనే ఉన్న మహా పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ పేరుతో పత్రికలో వ్యాసం వచ్చింది, మార్క్వార్డ్ అలాంటి బంతి వేయడం తప్పని. నిజంగా రాసినవాడు జాన్ వీలర్ అనే విలేఖరి. ఆ మధ్యాహ్నమే మాథ్యూసన్ బంతిని కూడా బేకర్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కంచె దాటించి స్కోరు సమం చేశాడు. ఇక మార్క్వార్డ్ పేరుతో ఎదురు వ్యాసం వచ్చింది. ఒకే జట్టులోని ఇద్దరు పిచర్లు, తాము రాయని వ్యాసాల్లో, దేశమంతా చూస్తుండగా తగువులాడుకున్నారు. బేకర్‌కి ‘హోమ్ రన్ బేకర్’ అన్న పేరు జీవితాంతం ఉండిపోయింది. ఆ ఏడాది మొత్తానికి అతను కొట్టిన హోమ్ రన్లు 11, ఆ రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అవే అత్యధికం. ఈ 11 అంకెను గుర్తుపెట్టుకోండి.

పత్రికలు ఎత్తుకున్నవాళ్లను అవే దించాయి కూడా. సాక్ అండ్ ఫాక్స్ అనే అమెరికన్ ఆదివాసీ తెగకు చెందిన జిమ్ థార్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు 1909, 1910 వేసవుల్లో నార్త్ కెరొలైనాలోని చిన్న జట్లకు డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో ఒక పత్రిక బయటపెట్టింది. డబ్బు తీసుకుని ఆడినవాళ్లకు అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. కాలేజీ కుర్రాళ్లు చాలామంది అలాగే ఆడేవారు, కాకపోతే దొంగపేర్లతో. థార్ప్ సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికాడు. ఫిర్యాదు ఏదైనా 30 రోజుల్లోపు ఇవ్వాలన్నది ఆ ఒలింపిక్స్ నిబంధన. ఆరు నెలలు దాటాక వచ్చిన ఫిర్యాదు మీద పతకాలు లాక్కున్నారు. 1983లో వాటికి నకళ్లు కుటుంబానికి ఇచ్చారు. అతనొక్కడే విజేత అని పూర్తిగా ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. ఇంత పచ్చి అన్యాయం క్రీడాచరిత్రలో నాకు చాలా కొద్ది చోట్లే కనిపిస్తుంది.

బేబ్ రూత్: అన్ని ముక్కలూ ఒకచోట

బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్‌ని అర్థం చేసుకోవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. 1919 వరల్డ్ సిరీస్‌లో చికాగో ఆటగాళ్లు జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని ఓడిపోయారు, ఎనిమిది మందిని జీవితాంతం బహిష్కరించారు, జనం విసిగిపోయిన ఆ వేళ రూత్ హోమ్ రన్లతో వచ్చి ఆటని కాపాడాడు. వినడానికి బాగుంటుంది. తేదీలే కలవవు. ఆ కుంభకోణం బయటపడింది 1920 సెప్టెంబర్‌లో. అప్పటికే రూత్ ఆ సీజన్‌లో జనాన్ని మైదానాలకు ఈడ్చుకొచ్చేశాడు. అతను కొత్తగా చేరిన న్యూయార్క్ జట్టు యాంకీస్ ఆటలు చూసిన జనం 1919లో 6.19 లక్షలు, 1920లో 12.89 లక్షలు. పది లక్షలు దాటిన మొదటి జట్టు అదే.

మరి ఏం మారింది? ఒకేసారి నాలుగైదు సంగతులు. 1920 సీజన్‌కి ముందు పిచర్లు బంతికి ఉమ్మి పూసి వేయడాన్ని నిషేధించారు. పాతగా అలవాటున్న 17 మందికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆగస్టు 16న కార్ల్ మేస్ వేసిన బంతి తలకు తగిలి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ మర్నాడు చనిపోయాడు. అంతవరకూ మురికిపట్టి, నల్లబడి, మెత్తబడ్డ బంతితోనే ఆటంతా సాగేది. ఆ మరణం తర్వాత బంతి మాసిపోగానే మార్చడం రివాజైంది. తెల్లటి బంతి కంటికి ఆనుతుంది, గట్టి బంతి దూరం పోతుంది. ఆ రోజుల్లో యాంకీస్ అద్దెకు ఆడే పోలో గ్రౌండ్స్‌లో కుడివైపు గీత వెంట కంచె 260 అడుగుల లోపే. ఎడమచేతివాటం రూత్‌కి అది దగ్గరి వైపు. అన్నిటికీ మించి రూత్ బ్యాట్ తిప్పే తీరే వేరు. అప్పటి పెద్ద ఆటగాళ్లు బ్యాట్‌ని మధ్యలో పట్టుకుని బంతిని ఖాళీల్లోకి తోసేవారు. రూత్ పిడి చివర పట్టుకుని కింది నుంచి పైకి పూర్తి బలంతో ఊపేవాడు. తగలకపోతే అవుట్, తగిలితే కంచె అవతల.

బేకర్ 11 గుర్తుందిగా. రూత్ 1919లో 29, 1920లో 54, 1921లో 59 కొట్టాడు. 1920లో అమెరికన్ లీగ్‌లోని మిగతా ఏడు జట్లలో ఒక్క జట్టు కూడా, అందరి హోమ్ రన్లూ కలిపినా, అతనొక్కడు కొట్టినన్ని కొట్టలేదు.

బాస్టన్ రెడ్ సాక్స్ అతన్ని యాంకీస్‌కి లక్ష డాలర్లకు అమ్మిన సంగతి 1920 జనవరి 5న ప్రకటించారు. నా దృష్టిలో ఈ బదిలీలో అసలు విషయం ఆ లక్ష కాదు, ఊరు. న్యూయార్క్‌లో అప్పుడు పోటాపోటీగా డజనుకు పైగా దినపత్రికలు ఉండేవి. అంతకు ఆరు నెలల ముందే, 1919 జూన్‌లో, డైలీ న్యూస్ అనే సగం సైజు పత్రిక మొదలైంది. రైల్లో ఒక చేత్తో పట్టుకుని చదువుకోవచ్చు, పేజీ నిండా ఫోటోలు. ఆ పత్రిక మార్షల్ హంట్ అనే విలేఖరిని ఏడాది పొడవునా రూత్ వెంటే తిరగమని పంపింది. ఆట లేని చలికాలంలోనూ. రోజూ వార్త కావాలి, రూత్ రోజూ వార్త అయ్యేవాడు. 1921లో కొలంబియా విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలకు తీసుకెళ్లి అతని కంటిచూపు, చేతివేగం కొలిపించి, అతను మామూలు మనిషికన్నా ఎంత మెరుగో పత్రికల్లో వేశారు.

ఈ సరుకునంతా క్రమంలో పెట్టినవాడు క్రిస్టీ వాల్ష్ అనే ఏజెంట్. రూత్‌ని కలవడం కుదరక, అతని ఇంటికి బీరు పట్టుకెళ్లే కుర్రాడి బదులు తనే ఆ సీసాలు మోసుకెళ్లి ఒప్పందం కుదుర్చుకున్నానని వాల్ష్ స్వయంగా చెప్పుకున్నాడు. 1921లో అతను పెట్టిన సిండికేట్ పనిచేసే పద్ధతి ఇది. రూత్ పేరుతో వ్యాసం రాసే విలేఖరి ప్రెస్ బాక్స్‌లో కూర్చుంటాడు. ఆట ముగియగానే రాసి తంతి కార్యాలయానికి ఇస్తాడు. రాత్రికల్లా అది డబ్బు కట్టిన పత్రికలన్నిటికీ చేరుతుంది, పొద్దున ఊరూరా ‘బేబ్ రూత్ రచన’గా అచ్చవుతుంది. ఒకే వ్యాసాన్ని ఎన్ని పత్రికలకు అమ్మితే అంత రాబడి, ఖర్చు మాత్రం ఒక్కసారే. వాల్ష్ కోచ్‌లను, ఇతర ఆటగాళ్లను కూడా ఇలాగే చేర్చుకున్నాడు.

రూత్ పేరుతో రాసినవాళ్లలో ఒకడు ఫోర్డ్ ఫ్రిక్. తర్వాత అతను నేషనల్ లీగ్ అధ్యక్షుడయ్యాడు, 1951లో బేస్‌బాల్ కమిషనర్ అయ్యాడు. 1927లో రూత్ నెలకొల్పిన 60 హోమ్ రన్ల రికార్డును 1961లో రోజర్ మారిస్ దాటబోతున్నప్పుడు, రూత్ కాలంలో సీజన్‌కు 154 ఆటలే కాబట్టి అన్ని ఆటల్లోపు దాటకపోతే రికార్డులను వేర్వేరుగా చూపాలని తీర్పు చెప్పింది ఈ ఫ్రిక్కే. ఒకప్పుడు రూత్ గొంతుగా రాసిన మనిషే రూత్ రికార్డు మీద న్యాయమూర్తి అయ్యాడు. ఈ ఒక్క సంగతి గమనిస్తే యంత్రాంగం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

విలేఖరులు రూత్ చీకటి కోణాలు ఎందుకు రాయలేదని ఇప్పటి పాఠకులు అడుగుతారు. జవాబు లెక్కల్లో ఉంది. జట్టుతో పాటు రైల్లో తిరిగే విలేఖరుల టికెట్లు, హోటల్, భోజనం చాలాచోట్ల జట్టు యాజమాన్యమే భరించేది. ఒకే బోగీలో పేకాట, ఒకే బల్ల మీద విందు. పైగా వాళ్లలో కొందరికి అతని పేరుతో రాసినందుకు డబ్బు. 1925 ఏప్రిల్‌లో రూత్ కుప్పకూలి శస్త్రచికిత్స దాకా వెళ్తే, అతిగా హాట్ డాగ్‌లు తిని సోడాలు తాగినందుకు కడుపునొప్పి వచ్చిందన్న కథ నడిచింది. ఆ ఆగస్టులో రాత్రిళ్లు తిరుగుతున్నాడని మేనేజర్ మిల్లర్ హగిన్స్ సస్పెండ్ చేసి 5,000 డాలర్లు జరిమానా వేశాకే కొంచెం నిజం పేజీలకెక్కింది.

ముఖానికి ధర తెలిసినా ఆ ధర ఎప్పుడూ ఆటగాడికే దక్కలేదు. చికాగోకు చెందిన కర్టిస్ కంపెనీ 1921లో 5 సెంట్లకు ‘బేబీ రూత్’ అనే మిఠాయి బిళ్ల తెచ్చింది. అది పూర్వ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ కూతురు రూత్ పేరని చెప్పుకుంది. ఆ అమ్మాయి 1904లోనే చనిపోయింది. బేబ్ రూత్ తన పేరుతో మిఠాయి తేబోతే, మా పేరును పోలి ఉందని కర్టిస్ అడ్డుపడింది. 1931లో కోర్టు కర్టిస్ వైపే మొగ్గింది. తన పేరు తన మిఠాయికి పెట్టుకునే వీలు రూత్‌కే లేకుండా పోయింది. మరోవైపు వాల్ష్ అతని సంపాదనలో కొంత యాన్యుటీల్లో (క్రమంగా సొమ్ము తిరిగిచ్చే పథకాల్లో) బలవంతంగా దాచిపెట్టించాడు. 1929లో మార్కెట్ కూలినప్పుడు రూత్ నిలబడటానికి అదే కారణం. 1930లో అతని జీతం 80,000 డాలర్లు, దేశాధ్యక్షుడి జీతం 75,000.

ఏజెంట్ తప్పులు

వాల్ష్ చేసిన పని సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో రూత్ చూపిస్తే, తొందరపడితే ఏమవుతుందో రెడ్ గ్రేంజ్ చూపించాడు. సినిమా హాళ్ల యజమాని సి.సి. పైల్ అతనితో ఒప్పందం చేసుకున్నాడు. 1925 నవంబర్‌లో గ్రేంజ్ చివరి కాలేజీ ఆట ముగిసిన కొద్ది రోజులకే అతన్ని వృత్తి జట్టు చికాగో బేర్స్‌లో దింపాడు. అప్పటికి వృత్తి ఫుట్‌బాల్‌ని మర్యాదస్తులు పట్టించుకునేవారు కాదు. డిసెంబర్ 6న పోలో గ్రౌండ్స్‌కి దాదాపు 70 వేల మంది వచ్చారు. అప్పుల్లో మునిగిన న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ జట్టు ఆ ఒక్క రోజు వసూలుతో ఒడ్డున పడింది. బొమ్మలు, స్వెటర్లు, టోపీలు, అల్లం సోడా అన్నిటి మీదా గ్రేంజ్ పేరే. 1926లో సినిమా కూడా వచ్చింది.

పైల్ లెక్క తప్పింది ఒంటి విషయంలో. ఆ పర్యటన మొదటి విడతలో దాదాపు 18 రోజుల్లో 10 మ్యాచ్‌లు పెట్టాడు. వారానికి ఒకటి ఆడాల్సిన ఆట అది. గ్రేంజ్ చేయి దెబ్బతింది, ఆడలేకపోయిన ఊళ్లలో టికెట్ కొన్న జనం అరిచారు. మరుసటి ఏడాది పైల్ సొంత లీగ్ పెడితే అది ఒక్క సీజన్‌తో మూతపడింది. 1927లో గ్రేంజ్ మోకాలు పోయింది.

గెర్ట్రూడ్ ఎడెర్లీ విషయంలో తప్పు వేరే రకం. 1926 ఆగస్టు 6న, 20 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కి ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన మొదటి మహిళ ఆమె. పట్టిన సమయం పద్నాలుగున్నర గంటలు. అప్పటికున్న మగవాళ్ల రికార్డు కన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. చలికి ఒంటినిండా కొవ్వు పూత, ఉప్పునీరు చొరబడకుండా అంచులకు మైనం పట్టించిన గాగుల్స్, బరువు తగ్గించడానికి అక్క మార్గరెట్ సాయంతో తయారైన రెండు ముక్కల ఈతదుస్తులు. ఖర్చు పెట్టుకుని వార్త హక్కు కొన్నది చికాగో ట్రిబ్యూన్, డైలీ న్యూస్‌ల సిండికేట్. కాబట్టి వాళ్ల విలేఖరులు ఒక పడవలో, పోటీ పత్రికలవాళ్లు ఇంకో పడవలో వెంట వచ్చారు. ఆ పడవలు గాలిని అడ్డుకున్నాయంటూ తర్వాత యూరప్‌లో గొణుగుడు కూడా మొదలైంది. ఆగస్టు 27న న్యూయార్క్‌లో లక్షల మంది మధ్య ఊరేగింపు జరిగింది. మర్నాడే ఇద్దరు పిల్లల తల్లి మిల్ గేడ్ కోర్సన్ కూడా ఛానెల్ ఈదేసింది. ‘ఒకే ఒక్క మహిళ’ అన్న మాటకు మూడు వారాలకే కాలం చెల్లింది, దాని మీద ఆధారపడ్డ అవకాశాల విలువా పడిపోయింది. ఎడెర్లీ వినికిడి క్రమంగా పోయింది. తర్వాత ఆమె చెవిటి పిల్లలకు ఈత నేర్పింది. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఈ చివరి పనే.

విన్నది, చూసినది, జరిగినది

1921 జులై 2న, నేడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్న జెర్సీ సిటీలో, చెక్కతో కట్టిన తాత్కాలిక స్టేడియంలో జాక్ డెంప్సీ, జార్జెస్ కార్పెంటియర్ బాక్సింగ్ పోటీ జరిగింది. టికెట్ల మీద పది లక్షల డాలర్లు దాటిన మొదటి పోటీ అది, వసూలు 17.89 లక్షలు. నిర్వాహకుడు టెక్స్ రికర్డ్ సూత్రం ఒకటే: ఇద్దరు మంచివాళ్లను చూడటానికి జనం రారు, ఒకడు చెడ్డవాడు కావాలి. కార్పెంటియర్ యుద్ధవీరుడు. డెంప్సీ యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకున్నాడన్న నింద మోస్తున్నవాడు. నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేస్తున్నట్టు అతను దిగిన ఫోటోలో పనివాడి దుస్తుల కింద మెరిసే ఖరీదైన బూట్లు కనపడ్డాయి. 1920లో కోర్టు నిర్దోషి అన్నా ఆ బూట్లను జనం మరిచిపోలేదు. రికర్డ్‌కి కావాల్సిందీ అదే.

ఆ పోటీని రేడియోలో ప్రసారం చేశారు. కానీ రింగ్ పక్కన ఆండ్రూ వైట్ చెప్పిన మాటలు జనానికి నేరుగా చేరలేదు. అవి ఫోన్‌లో హొబోకెన్ రైల్వే స్టేషన్ దగ్గరున్న ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లేవి, అక్కడ ఇంకొకడు విని మళ్లీ పలికేవాడు. బేస్‌బాల్ ప్రసారాల్లో ఈ పద్ధతి ఇంకా ముదిరింది. మైదానం నుంచి తంతి ఆపరేటర్ ‘ఎస్1సి’ అని పంపితే, మొదటి స్ట్రైక్, బ్యాట్స్‌మన్ కదల్లేదు అని అర్థం. ఎక్కడో స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాత ఆ మూడు గుర్తులకు బ్యాట్స్‌మన్ చెమట తుడుచుకోవడం, జనం కేకలు అన్నీ కలిపి చెప్పేవాడు. 1930లలో ఐయోవాలో ఈ పని చేసిన కుర్రాడు రొనాల్డ్ రీగన్. ఒకసారి తంతి తెగిపోతే, అది మళ్లీ అతికేదాకా బ్యాట్స్‌మన్ చేత నిమిషాల తరబడి ఫౌల్ బంతులు (గీత బయటికి పోయేవి) కొట్టిస్తూ గడిపానని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ కాలపు ప్రసారాల గురించిన జ్ఞాపకాలు చదివేటప్పుడు, వ్యాఖ్యాత ఆట చూస్తున్నాడా లేక కాగితం చూస్తున్నాడా అని ముందుగా తేల్చుకోవాలి.

ఇదే జాగ్రత్త 1932 అక్టోబర్ 1 నాటి సంఘటనకూ కావాలి. వరల్డ్ సిరీస్ మూడో ఆట, చికాగో రిగ్లీ ఫీల్డ్, స్కోరు 4-4, ఐదో ఇన్నింగ్స్. రూత్ చేయి చాపి చూపించి, సరిగ్గా చూపించిన చోటికే హోమ్ రన్ కొట్టాడని అందరూ నమ్మే కథ ఇది. ఆ సాయంత్రమే శీర్షికలో ఆ అర్థం వచ్చేలా రాసినవాడు జో విలియమ్స్. చాలామంది ఆ రోజు కథనాల్లో దాని ఊసే లేదు, ఆ తర్వాతి రోజుల్లోనే అది పెరిగింది. ఆ బంతి వేసిన చార్లీ రూట్ చచ్చేదాకా కాదనే అన్నాడు. రూత్ జీవితం మీద తీసే సినిమాలో తన పాత్ర తననే వేయమంటే నిరాకరించాడు. ఇద్దరు ప్రేక్షకులు సొంత కెమెరాలతో తీసిన దృశ్యాలు దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. రూత్ చేయెత్తి సైగ చేయడం వాటిలో కనిపిస్తుంది. ఆ చేయి కంచెకేసా, వెక్కిరిస్తున్న చికాగో ఆటగాళ్లకేసా అన్నది తేలదు. పదేళ్లుగా జనాన్ని నమ్మించిన యంత్రాంగం చేతిలో పడ్డాక, తేలని సైగ తేలిపోయిన కథైంది.

లెక్కలో లేనివాళ్లు

జాక్ జాన్సన్ ఈ యంత్రాంగం మొత్తాన్నీ రూత్ కన్నా పదేళ్ల ముందే వాడుకున్నాడు: రంగస్థల ప్రదర్శనలు, వేగంగా పోయే కార్లు, సినిమా హక్కులు. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో గెలిచి హెవీవెయిట్ చాంపియన్ అయిన మొదటి నల్లజాతీయుడు అతను. విశ్రాంతి తీసుకుంటున్న పాత చాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను తెల్లవాళ్ల గౌరవం నిలబెట్టమని వెనక్కి పిలిపించారు. 1910 జులై 4న రీనోలో 15వ రౌండ్‌లో జాన్సన్ అతన్ని పడగొట్టాడు. ఆ రాత్రే అనేక నగరాల్లో నల్లజాతీయుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఊరూరా ఆ పోటీ సినిమాను నిషేధించారు. 1912లో ఏకంగా దేశ చట్టమే వచ్చింది: బాక్సింగ్ సినిమాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపడం నేరం. మరుసటి ఏడాది అతన్ని తెల్ల స్త్రీతో సంబంధం విషయంలో మాన్ చట్టం (అనైతిక పనులకు స్త్రీలను రాష్ట్రం దాటించడాన్ని నేరం చేసిన చట్టం) కింద దోషిగా నిలబెట్టారు. క్షమాభిక్ష 2018లో వచ్చింది.

ఆ సినిమా చట్టం 1940 దాకా నడిచింది. 1927 సెప్టెంబర్ 22న చికాగోలో డెంప్సీ, జీన్ టనీని ఏడో రౌండ్‌లో పడగొట్టి, నిబంధన ప్రకారం దూరపు మూలకు పోకుండా అక్కడే నిలబడ్డాడు. అతను కదిలేదాకా రెఫరీ డేవ్ బ్యారీ లెక్క మొదలుపెట్టలేదు. టనీకి పది బదులు దాదాపు 14 సెకన్లు దొరికాయి, లేచి నిలబడి పోటీ గెలిచాడు. నిజమేమిటో చూడాలంటే సినిమాయే దిక్కు, ఆ సినిమాను రాష్ట్రం దాటించడం నేరం. తెల్లవాళ్ల పోటీల సినిమాలను మాత్రం వ్యాపారులు జరిమానాను ఖర్చుల్లో ఒక పద్దుగా రాసుకుని ఆడించేవారు.

బేస్‌బాల్‌లో నల్లజాతీయులను బయట ఉంచడానికి చట్టం కూడా అక్కర్లేకపోయింది, యజమానుల మధ్య మౌన ఒప్పందమే సరిపోయింది. 1920 ఫిబ్రవరి 13న కాన్సస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నల్లజాతి ఆటగాళ్ల కోసం నీగ్రో నేషనల్ లీగ్ స్థాపించాడు. రూత్ న్యూయార్క్ చేరిన ఏడాదే అది. చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కూరియర్ లాంటి నల్లజాతి వారపత్రికలే వాళ్లకు పత్రికలు. వారపత్రిక కాబట్టి ప్రతి ఆట స్కోరూ అచ్చయ్యేది కాదు. ప్రతి మైదానం నుంచీ తంతి లేదు, దేశమంతటా అమ్మే సిండికేట్ లేదు. సొంత స్టేడియాలు కొద్ది, ఆటలు చాలావరకు లీగ్ బయట ఊరూరా తిరిగి ఆడేవి. ఫలితంగా జాష్ గిబ్సన్ లాంటి మహా బ్యాట్స్‌మన్‌కు కథలు మిగిలాయి, అంకెలు మిగల్లేదు. అంకెలు లేని ఆటగాణ్ణి రికార్డు పుస్తకం గుర్తించదు.

ఆ అంకెలను పరిశోధకులు దశాబ్దాల పాటు పాత వారపత్రికల మైక్రోఫిల్ముల్లోంచి, ఒక్కో బాక్స్ స్కోరూ (ఆట లెక్కల పట్టిక) సరిచూసుకుంటూ ఏరారు. 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920-48 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులకు మేజర్ లీగ్ హోదా ఇచ్చింది. 2024 మే నెలలో వాటి గణాంకాలను తన అధికారిక రికార్డులో కలిపింది. ఆ రోజు జీవితకాల బ్యాటింగ్ సగటు పట్టికలో .367తో ఉన్న పాతకాలపు తెల్ల ఆటగాడు టై కాబ్ రెండో స్థానానికి దిగాడు, .372తో జాష్ గిబ్సన్ మొదటికెక్కాడు. ఏరాల్సిన ఆటలు ఇంకా వందల్లో ఉన్నాయి. స్కోర్లు దొరికిన కొద్దీ ఈ పట్టిక మళ్లీ మారుతుంది.